ఎంఎస్ ఉన్నవారికి మూత్రంపై అదుపు, నడుము బలం, నడకలో నిలకడ: ఇంట్లో సాధన చేసే క్రమం

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు, వాడుకలో ఎంఎస్, ఉన్నవారు మూత్రం గురించి యూరాలజిస్టుకూ, నడక గురించి ఫిజియోథెరపిస్టుకూ, కాళ్ల బిగుతు గురించి న్యూరాలజిస్టుకూ విడివిడిగా చెప్పుకుంటారు. ఆ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే సందర్భాలు తక్కువ. శరీరంలో మాత్రం ఇవి విడివిడిగా లేవు. అర్ధరాత్రి మూత్రం తొందరపెట్టి లేచినవారు మొద్దుబారిన పాదాలతో, నిద్రమత్తులో, చీకట్లో, ఇక ఆగలేనన్న కంగారుతో గబగబా నాలుగు అడుగులు వేస్తారు. మూత్రాశయానికీ, నడుముకూ, నిలకడకూ ఒకేసారి పరీక్ష పెట్టేది ఆ నాలుగు అడుగులే. ఎంఎస్ ఉన్నవారిలో సగం మందికి పైగా మూడు నెలల వ్యవధిలో కనీసం ఒకసారైనా పడిపోతున్నారని పలు దేశాల సమాచారాన్ని కలిపి చూసిన పరిశీలనలో తేలింది. మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఉన్నవారికి ఆ ముప్పు మరింత ఎక్కువ. అందుకే ఈ మూడింటినీ ఒకే సాధనగా, ఒక వరుసలో చేసుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఊతంతోనో, ఊతం లేకుండానో ఇంట్లో నడవగలిగేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది. చక్రాల కుర్చీ వాడేవారికి ఇందులో పడుకుని, కూర్చుని చేసే భాగాలు పనికొస్తాయి.

ముందు తేల్చుకోవలసినది: నిల్వలో లోపమా, ఖాళీ కావడంలో లోపమా?

ఎంఎస్‌లో శరీరపు రక్షణ వ్యవస్థే మెదడులోనూ వెన్నుపాములోనూ ఉన్న నరాల మీది మయెలిన్ పొరను దెబ్బతీస్తుంది. మూత్రాశయానికి అందవలసిన ఆదేశాలు మెదడులో బయలుదేరి, వెన్నుపాము పొడవునా దిగి, నడుము అడుగున ఉన్న నరాల గుండా చేరతాయి. అంత పొడవైన దారిలో ఎక్కడ పొర చెడినా ఫలితం మూత్రాశయం మీద కనబడుతుంది కాబట్టి, ఎంఎస్ ఉన్నవారిలో అత్యధికులు ఏదో ఒక దశలో మూత్ర సమస్యను ఎదుర్కొంటారు. అయితే అందరిదీ ఒకే సమస్య కాదు. కొందరిలో మూత్రాశయం పూర్తిగా నిండకముందే దానంతటది ముడుచుకుంటుంది. మూత్రం హఠాత్తుగా తొందరపెడుతుంది, ఒక్కోసారి దారిలోనే పడిపోతుంది. మరికొందరిలో మూత్రాశయం సరిగా ముడుచుకోదు, లేదా అది పిండుతున్న క్షణంలోనే కింది ద్వారం బిగుసుకుపోతుంది. ధార మొదలుకావడానికి చాలాసేపు పడుతుంది, ఆగి ఆగి వస్తుంది, లేచి వచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. రెండు లోపాలూ కలిసి ఉన్నవారూ తక్కువేమీ కాదు.

ఈ తేడా తెలియకుండా అంతర్జాలంలో చూసి కీగల్ వ్యాయామాలు, అంటే కటి అడుగు కండరాలను బిగించి వదిలేవి, మొదలుపెట్టడం నాకు ఎంతమాత్రం నచ్చని పద్ధతి. ద్వారం బిగుసుకుపోవడం వల్ల మూత్రం నిలిచిపోతున్నవారికి బిగించడం నేర్పితే మేలు కంటే ఇబ్బందే ఎక్కువ కావచ్చు. వారు మొదట నేర్చుకోవలసినది వదలడం.

తేల్చుకోవడానికి రెండు పనులు చేయాలి. మొదటిది మూత్రపు డైరీ. మిల్లీలీటర్ల గీతలున్న ప్లాస్టిక్ కొలత జగ్గు ఒకటి కొని, దాన్ని ఈ పనికే ప్రత్యేకించండి. వరుసగా మూడు రోజులు, రాత్రిళ్లతో సహా, ఎప్పుడు ఏమి ఎంత తాగారో, ఎప్పుడు ఎంత మూత్రం పోశారో, తొందర ఎంత తీవ్రంగా ఉందో, బట్టలు తడిశాయో లేదో రాయండి. పెద్దవారి మూత్రాశయం సాధారణంగా 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పట్టుకోగలదు. ప్రతిసారీ 100, 120 మాత్రమే వస్తూ, గంట గంటకూ వెళ్లవలసి వస్తున్నట్లయితే రెండు కారణాలు ఉండవచ్చు: మూత్రాశయం తొందరపడి ముడుచుకుంటూ ఉండవచ్చు, లేదా ప్రతిసారీ సగమే ఖాళీ అవుతూ మిగతాది లోపలే ఉండిపోవచ్చు. డైరీ ఒక్కటే ఈ రెండింటినీ వేరుచేయలేదు.

అందుకు రెండో పని: మూత్రం పోసిన వెంటనే అల్ట్రాసౌండ్ చేయించుకుని, లోపల ఎంత మిగిలిందో చూడటం. నొప్పి లేని, కొద్ది నిమిషాల పరీక్ష ఇది. మిగులు 100 మిల్లీలీటర్లకు మించి ఉంటే వైద్యులు దాన్ని పట్టించుకుంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన స్కానింగ్ సెంటర్లలో లీటరు నీళ్లు తాగించి, ఇక తట్టుకోలేమన్నంత వరకు కూర్చోబెట్టడం అలవాటు. అంతగా ఉబ్బిన మూత్రాశయం ఎంఎస్ లేనివారికి కూడా ఒక్కసారిగా పూర్తిగా ఖాళీ కాదు. మిగులు లేనిపోని ఎక్కువగా కనిపిస్తుంది. మామూలుగా వెళ్లాలనిపించినప్పుడే వెళ్లి, తొందరపడకుండా పోసి, వెంటనే మిగులు చూడమని టెక్నీషియన్‌ను అడగండి. బిడియపడనక్కర్లేదు.

నీళ్లు, టీ, మలబద్ధకం

బయటికి వెళ్లేరోజు నీళ్లు మానేయడం చాలామంది కనిపెట్టుకున్న ఉపాయం. అది ఎదురుతిరుగుతుంది. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని మరింత రేపుతుంది, ఇన్‌ఫెక్షన్‌కు తావిస్తుంది, మలం గట్టిపడుతుంది. నిండిన పెద్దపేగు మూత్రాశయాన్ని నొక్కి తొందరను ఇంకా పెంచుతుంది. కిడ్నీ, గుండె సమస్యల వల్ల వైద్యులు ప్రత్యేకంగా పరిమితి పెట్టకపోతే రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా, మన ఎండాకాలంలో చెమటను బట్టి ఇంకొంచెం, పగలంతా కొద్దికొద్దిగా తాగాలి. పడుకోబోయే రెండు మూడు గంటల ముందు నుంచి తగ్గించాలి. టీ, కాఫీలలోని కెఫీన్ తొందరను పెంచుతుంది కాబట్టి సాయంత్రం తాగే కప్పును ఒక వారం మాని డైరీలో తేడా చూడండి. తేడా లేకపోతే ఆ కప్పు మీద నాకేమీ కోపం లేదు. సాయంత్రానికి పాదాలు వాచేవారు మధ్యాహ్నం ఒక గంట కాళ్లు ఎత్తున పెట్టుకుని పడుకుంటే, కాళ్లలో నిలిచిన నీరు రాత్రి కాకుండా పగలే మూత్రంగా పోతుంది. మలబద్ధకానికి ఆకుకూరలు, జామపండ్లు, నీళ్లలో కలిపిన ఇసబ్‌గోల్, ఉదయం తిన్న తరువాత రోజూ ఒకే వేళకు కూర్చునే అలవాటు చాలామందికి సరిపోతాయి.

కటి కండరాలను గుర్తుపట్టడం

కటి ఎముకల అడుగున ఊయలగా పరచుకుని మూత్రాశయాన్నీ, పెద్దపేగునూ, స్త్రీలలో గర్భసంచినీ మోసే కండరాలనే పెల్విక్ ఫ్లోర్ అంటారు. వీటికి వ్యాయామం నేర్పిన పద్ధతిని అమెరికన్ వైద్యుడు ఆర్నాల్డ్ కీగల్ 1948లో ప్రచురించారు. ప్రసవం తరువాత స్త్రీలు చేసే వ్యాయామంగానే ఇది మనవాళ్లకు తెలుసు కానీ పురుషులకూ అంతే అవసరం. ఈ కండరాలను బిగించినప్పుడు మూత్రాశయపు ముడుపు నెమ్మదించేలా నరాల ద్వారా ఒక సంకేతం వెళ్తుంది. తొందర తగ్గడానికి మూలం అదే.

గుర్తుపట్టే పద్ధతి ఇది. గట్టి కుర్చీలో పాదాలు రెండూ నేలకు ఆనించి కూర్చోండి. చేతి తువ్వాలును గట్టిగా చుట్టి, రెండు తొడల మధ్య ముందు నుంచి వెనక్కు వచ్చేలా పెట్టుకుని దాని మీద కూర్చోండి. నలుగురి మధ్య గ్యాస్ పోకుండా ఆపుకుంటున్నట్లు వెనుక ద్వారాన్ని బిగించి, ఆ బిగువును అలాగే ముందుకు, పైకి లాగండి. సరిగ్గా చేస్తే తువ్వాలు మీది నుంచి శరీరం లోపలికి ఎత్తుకున్నట్లు తెలుస్తుంది. వదిలినప్పుడు మళ్లీ దాని మీద ఆనుతుంది. పిరుదులు గట్టిపడినా, తొడలు దగ్గరకు నొక్కుకున్నా, ఊపిరి బిగబట్టినా తప్పు కండరం పనిచేస్తోందన్నమాట. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయకూడదు. సరిగా ఖాళీ కాని మూత్రాశయానికి అది చెడు అలవాటు నేర్పుతుంది.

కటి భాగంలో స్పర్శ తగ్గినవారికి బిగువు తెలియకపోవచ్చు. తెలియడం లేదు కదా అని కండరం లేదనుకోకండి. ఫిజియోథెరపిస్టు దగ్గర బయోఫీడ్‌బ్యాక్ పరికరం ఉంటే తెర మీద కనిపించే గీతను చూస్తూ నేర్చుకోవచ్చు. స్వల్ప విద్యుత్ ప్రేరణతో కండరాన్ని మేల్కొలిపే పద్ధతి కూడా ఉంది.

గుర్తుపట్టాక, ఎంతసేపు నిలపగలరో చూసుకోండి. మూడు సెకన్లే నిలపగలిగితే మీ మొదటి మెట్టు మూడు సెకన్లే. మూడు సెకన్లు బిగించి, ఆరు సెకన్లు పూర్తిగా వదిలి, బిగువు పలచబడే వరకు చేయండి. పది సెకన్ల దాకా నెమ్మదిగా పెంచుకోవచ్చు. ఆ తరువాత చటుక్కున బిగించి చటుక్కున వదిలే చిన్న బిగింపులు ఒక ఎనిమిది, పది. ఇలా రోజుకు మూడుసార్లు. వదలడాన్ని బిగించడంతో సమానంగా పట్టించుకోవాలి. కాళ్లలో బిగుతు ఉన్నవారిలో ఈ కండరాలూ బిగుసుకుని ఉండవచ్చు కాబట్టి, వదిలేటప్పుడు పొట్టలోకి లోతుగా ఊపిరి పీలుస్తూ కటి అడుగు విచ్చుకుంటున్నట్లు భావించండి. మూత్రం నిలిచిపోయే ఇబ్బంది ఉందని పరీక్షలో తేలినవారు ఈ వదిలే భాగాన్ని మాత్రమే చేస్తూ, మిగతాది వైద్యులతో మాట్లాడాకే మొదలుపెట్టాలి. కనీసం 12 వారాలు చేయకుండా ఫలితం మీద తీర్పు చెప్పకండి.

ఊపిరితో కలిపి నడుము బలం

కోర్ అనగానే జిమ్‌లో పలకలుదేరిన పొట్ట గుర్తుకు వస్తుంది కానీ మనకు కావలసినవి లోపలి కండరాలు. పైన ఊపిరితిత్తుల కింది డయాఫ్రం, చుట్టూ నడికట్టులా పొట్టలోని లోపలి అడ్డకండరం, వెనుక వెన్నుపూసలను పట్టి ఉంచే చిన్న కండరాలు, అడుగున కటి కండరాలు: ఈ నాలుగూ కలిసి పనిచేస్తాయి. మామూలుగా మనం చేయి చాపబోయే లోపే ఈ లోపలి కండరాలు బిగుసుకుని మొండేన్ని సిద్ధం చేస్తాయి. ఎంఎస్‌లో ఆ ముందస్తు సిద్ధపాటు ఆలస్యమవుతుంది. అల్మరాలో పైఅరలోని డబ్బా అందుకోబోయినప్పుడు తూలడానికి అదొక ముఖ్యమైన కారణం. కాబట్టి బలం ఎంత ముఖ్యమో, సరైన క్షణంలో బిగుసుకోవడం అంత ముఖ్యం.

నేల మీద పరిచిన చాప మీదో, కుంగని మంచం మీదో వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. నవారు మంచం, మెత్తటి స్పాంజి పరుపు పనికిరావు. ముక్కుతో పీల్చినప్పుడు పొట్టా, పక్కటెముకల కింది భాగమూ విచ్చుకోవాలి. నోటితో నెమ్మదిగా వదులుతూ కటి కండరాలను పైకి లాగి, బొడ్డు కింది పొట్టను లోపలికి తీసుకోండి. ఆ బిగువు నిలిపి, ఒకటి నుంచి ఐదు వరకు పైకి వినబడేలా లెక్కపెట్టండి. మాట ఆగిపోతే ఊపిరి బిగబట్టారని అర్థం. ఊపిరి బిగబట్టి ముక్కితే ఒత్తిడంతా మూత్రాశయం మీదికి దిగుతుంది, చేస్తున్న పనికి అది సరిగ్గా వ్యతిరేకం. ఈ ఒక్క కదలిక కుదిరే వరకు తరువాతిదానికి వెళ్లకండి. వారం పట్టినా, మూడు వారాలు పట్టినా పర్వాలేదు.

కుదిరాక, అదే బిగువులో ఒక మడమను చాప మీద జార్చి కాలు చాపి మళ్లీ మడవండి; నడుము చాప మీద నుంచి లేవకూడదు. తరువాత పిరుదులను నేల మీద నుంచి ఎత్తి, మొండెం వాలుబల్లలా నిలిచేలా ఐదు సెకన్లు ఉంచి దించండి. ఎత్తినప్పుడు పాదం టకటకా వణకడం మొదలైతే, అది కండరాల బిగుతు వల్ల వచ్చే ప్రతిచర్య. పాదాన్ని కాస్త ముందుకు జరిపి, మడమ మీద బరువు మోపితే సాధారణంగా ఆగుతుంది. మోకాళ్ల మీద, చేతుల మీద నిలబడి ఒక వైపు చేయినీ రెండో వైపు కాలినీ ఒకేసారి చాపే వ్యాయామం మంచిదే కానీ, చేతులు మొద్దుబారినవారు, నేల మీద నుంచి లేవడం కష్టమైనవారు మంచం అంచున ఛాతీ ఆనించి కాళ్లను మాత్రమే ఒకటొకటిగా వెనక్కు ఎత్తవచ్చు.

పడుకుని చేసేవాటి కంటే కుర్చీలోంచి లేచి కూర్చోవడానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. కమోడ్ మీద నుంచి లేవడం, ఆటో దిగడం, సోఫా వదలడం అన్నీ ఇదే కదలిక. మన ఇళ్లలో చేతికి అందే ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద వెనక్కు జారుతుంది కాబట్టి బరువైన చెక్క కుర్చీని గోడకు ఆనించి వాడండి. ముందుకు జరిగి అంచున కూర్చోండి, మడమలు మోకాళ్ల కంటే కొద్దిగా వెనక్కు తెచ్చుకోండి, ముక్కు పాదాల వేళ్ల మీదికి వచ్చేంత వరకు వంగండి, ఊపిరి వదులుతూ కటి కండరాలను లాగి లేవండి. నిలబడి ఒక ఊపిరి ఆగండి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా నాలుగు లెక్కపెడుతూ దిగండి. కాళ్ల బలం పెరిగేది ఎక్కువగా ఈ దిగడంలోనే. మొదట చేతులు తొడల మీద ఆనించుకోవచ్చు. ఐదుసార్లతో మొదలుపెట్టండి, ఆ ఐదింటికి ఎంత సమయం పట్టిందో మొదటి వారంలోనే రాసి ఉంచుకోండి.

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, నీళ్ల బిందె ఎత్తినప్పుడు మూత్రం చుక్కలుగా పడేవారు ఆ క్షణానికి ముందే కటి కండరాలను బిగించడం అలవాటు చేసుకోవాలి. మొదట్లో గుర్తుపెట్టుకుని చేయాలి. కొన్ని వారాలకు శరీరం దానంతటదే చేస్తుంది.

వంటగట్టు దగ్గర నిలకడ

నిటారుగా నిలబడటానికి మెదడుకు కళ్లు, లోపలి చెవి, పాదాలలోని స్పర్శ అనే మూడు దారుల్లో సమాచారం అందాలి. ఎంఎస్‌లో పాదాల నుంచి వచ్చే సమాచారం వెన్నుపాములో ఆలస్యంగా నడుస్తుంది కాబట్టి మనిషి కళ్ల మీద ఆధారపడతాడు. స్నానాల గదిలో ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే తూలేది అందుకే. సాధన ఉద్దేశం మిగిలిన దారులను వాడుకోవడం మెదడుకు నేర్పడం.

వంటగది గట్టు ఇందుకు బాగా సరిపోతుంది: కదలదు, నడుము ఎత్తున ఉంటుంది. గట్టుకు ఎదురుగా నిలబడి, వెనుక ఒక బరువైన కుర్చీ పెట్టుకోండి. మొదటి కొద్ది వారాలు ఇంట్లోవాళ్లు ఎవరైనా పక్కన ఉండాలి. గట్టును గుప్పిటతో పట్టుకుంటే పని చేసేది చేతులు, కాళ్లు కావు. వేళ్ల కొసలు మాత్రం ఆనించండి. ఆ కొద్దిపాటి స్పర్శ మెదడుకు శరీరం ఎటు ఒరుగుతోందో చెబుతుంది. పాదాలు దగ్గరగా పెట్టి 30 సెకన్లు నిలబడండి. అది తేలికైనప్పుడు ఒక పాదాన్ని అర అడుగు ముందుకు జరపండి, తరువాత ముందు పాదపు మడమకు వెనుక పాదపు వేళ్లు తాకేలా పెట్టండి, ఆ తరువాత ఒంటికాలి మీద. ప్రతి మెట్టులోనూ తల నెమ్మదిగా కుడి ఎడమలకు తిప్పి చూడండి. వీధిలో బండి హారన్ విని తిరిగినప్పుడు పడకుండా ఉండటానికి ఇది శిక్షణ. కళ్లు మూసుకోవడం అన్నిటికంటే చివర, పక్కన మనిషి ఉన్నప్పుడే. తల తిప్పితే గిరగిర తిరిగినట్లున్నా, రెండుగా కనిపిస్తున్నా ఇంట్లో ప్రయోగాలు చేయకుండా ఫిజియోథెరపిస్టు దగ్గర ప్రత్యేక వ్యాయామాలు నేర్చుకోవాలి.

నిలబడటం కుదిరాక గట్టు వెంట పక్కకు అడుగులు, ముందుకు వెనక్కు అడుగులు. ఆ తరువాత ఒక ఆలోచనను జోడించాలి: నడుస్తూ వంద నుంచి మూడు మూడు తగ్గించి లెక్కపెట్టడం, సగం నీళ్లున్న గ్లాసు మోయడం. మాట్లాడుతూ నడిచినప్పుడు అడుగు తడబడటం ఎంఎస్‌లో తరచుగా కనిపిస్తుంది, నిజజీవితంలో ఎవరూ నోరు మూసుకుని నడవరు.

వేళ్లు ఏమాత్రం వణకకుండా, శరీరం కొంచెమైనా ఊగకుండా ఉంటే మెట్టు మరీ తేలికైనదని అర్థం. రెండు మూడు సార్లు గట్టు పట్టుకోవలసి వస్తే కష్టమైనదని అర్థం. ఈ రెండింటి మధ్య ఉన్న ఊగిసలాటలోనే నేర్చుకోవడం జరుగుతుంది.

తొందర వచ్చిన ఆ నిమిషం

ఇప్పుడు మూడూ కలిసే చోటు. ఇంటి తాళం తీస్తుండగానో, కుళాయి చప్పుడు వినగానో, పడక మీద నుంచి లేవగానో మూత్రం ఒక్కసారిగా ముంచుకొస్తుంది. అప్పుడు పరుగెత్తకండి. ఆ తొందర పెరిగి, ఒక శిఖరానికి చేరి, తగ్గుతుంది. శిఖరంలో ఉన్నప్పుడు నడిస్తేనే బట్టలు తడుస్తాయి, మనిషీ పడతాడు. ఉన్నచోట ఆగండి. దగ్గరలో కుర్చీ ఉంటే దాని గట్టి అంచున కూర్చోండి, లేకపోతే గోడనో తలుపునో పట్టుకుని నిలబడండి. కటి కండరాలను చటుక్కున ఐదారుసార్లు బిగించి వదలండి. నెమ్మదిగా ఊపిరి వదలండి, కాలివేళ్లను మడిచి విప్పండి. తొందర పలచబడినట్లు తెలిశాక, అది మళ్లీ రాకముందే, మామూలు నడకతో వెళ్లండి. దారిలో మళ్లీ వస్తే మళ్లీ ఆగండి. దీన్ని తొందర లేని సమయంలో ముందుగా సాధన చేసి ఉంచుకోవాలి. అత్యవసరంలో కొత్త విద్య నేర్చుకోలేము.

ఇది చేతికి వచ్చాక డైరీ చూసి వ్యవధి పెంచుకోవచ్చు. గంటకోసారి వెళ్తున్నవారు ఒక వారం గంటంబావు, తరువాతి వారం గంటన్నర, ఇలా రెండున్నర, మూడు గంటల దాకా తీసుకెళ్లవచ్చు. మూత్రం నిండినట్లే తెలియనివారికి ఇది వర్తించదు. వారు గడియారం చూసుకుని రెండు మూడు గంటలకోసారి వెళ్లాలి. పూర్తిగా ఖాళీ కానివారు పోసిన తరువాత అలాగే కూర్చుని, ముందుకు వంగి, ఒకసారి లేచి కూర్చుని, మళ్లీ ప్రయత్నించాలి. పొత్తికడుపును చేత్తో నొక్కి పోయకూడదు. మూత్రం పైకి, కిడ్నీల వైపు తన్నే ప్రమాదం ఉంది.

ఇల్లు కూడా సహకరించాలి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టండి. గదుల మధ్య గడపలకు తెల్లటి రంగో, మెరిసే టేపో అతికించండి. హవాయి చెప్పులు పాదాన్ని పట్టి ఉంచవు. మడమ వెనుక పట్టీ ఉన్నవి వాడండి. తువ్వాళ్లు వేసే కడ్డీని ఆసరాగా పట్టుకోకండి, అది మనిషి బరువుకు ఊడివస్తుంది; గోడలోకి దిగే బోల్టులతో ఆసరా కడ్డీ వేరుగా బిగించాలి. నేల మీది బకెట్టులోంచి వంగి మగ్గుతో నీళ్లు పోసుకునేవారు బకెట్టును స్టూలు మీదికి ఎత్తించి, తాము కుర్చీలో కూర్చుని స్నానం చేయడం మేలు. లంగా బొందు, చుడీదార్ బొందు ముడి విప్పే క్షణాల్లోనే చాలామంది ఓడిపోతారు. వేళ్లు మొద్దుబారినవారికి ఎలాస్టిక్, వెల్క్రో ఎంతో నయం. రాత్రిపూట మంచం పక్కన కమోడ్ కుర్చీ, పురుషులకు యూరిన్ బాటిల్ పెట్టుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాలలో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఒకటి కాబట్టి, కార్యాలయంలో టాయిలెట్‌కు దగ్గరగా సీటు అడగడానికి మొహమాటపడకండి.

ఎండ, అలసట, ఆపవలసిన సందర్భాలు

ఒళ్లు వేడెక్కితే ఎంఎస్ లక్షణాలు పెరుగుతాయి. దీన్ని 1890లో వర్ణించిన జర్మన్ కంటి వైద్యుడు ఊట్‌హాఫ్ పేరుతోనే పిలుస్తారు. మయెలిన్ పోయిన నరంలో వేడికి సంకేతం ఇంకా మందగిస్తుంది. చల్లబడ్డాక మామూలవుతుంది, కొత్తగా నష్టమేమీ జరగదు. ప్రపంచ ఎంఎస్ దినం మే 30న వస్తుంది, రామగుండంలోనూ విజయవాడలోనూ ఎండలు మండిపోయే రోజులవి. ఆ నెలల్లో వ్యాయామం తెల్లవారుజామునే ముగించాలి. మొదలుపెట్టే ముందు చల్లటి నీళ్లు తాగడం, మెడ చుట్టూ తడిగుడ్డ వేసుకోవడం, పది నిమిషాలు చేసి ఐదు నిమిషాలు ఆగడం పనిచేస్తాయి. అన్నీ ఒకేసారి చేయనక్కర్లేదు. కటి బిగింపులు రోజూ, నడుము వ్యాయామాలు వారానికి రెండు మూడు రోజులు, నిలకడ సాధన వీలైనన్ని రోజులు కొద్దికొద్దిసేపు అన్నది చాలామందికి నడిచే ఏర్పాటు. కొద్దిపాటి నుంచి మధ్యస్థ ఇబ్బంది ఉన్నవారికి కెనడాలో రూపొందించిన మార్గదర్శకాలు వారానికి రెండుసార్లు 30 నిమిషాల ఓ మోస్తరు ఏరోబిక్ వ్యాయామాన్నీ, రెండుసార్లు కండరాల వ్యాయామాన్నీ సూచిస్తున్నాయి. అంతకు చేరడానికి తొందరేమీ లేదు.

హఠాత్తుగా కాళ్లు బరువెక్కి బిగుతు పెరిగితే జబ్బు తిరగబెట్టిందని భయపడేముందు మూత్ర పరీక్ష చేయించండి. ఎంఎస్‌లో మూత్ర ఇన్‌ఫెక్షన్ మంట లేకుండానే, కేవలం నడక చెడటంగా బయటపడవచ్చు. కొత్త బలహీనతో, కొత్త మొద్దుబారడమో 24 గంటలు దాటి నిలిస్తే వ్యాయామం ఆపి న్యూరాలజిస్టుకు చెప్పాలి. మూత్రం అసలు రాకపోవడం, చలిజ్వరంతో నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం అయితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. బిగుతుకు బాక్లోఫెన్ వేసుకునేవారు మోతాదు పెరిగాక కాళ్లు చచ్చుబడి కూలుతున్నట్లుంటే చెప్పాలి, ఎందుకంటే నిలబడటానికి కొంత బిగుతు కూడా సాయపడుతుంది. ఆ మందును సొంతంగా ఒక్కసారిగా ఆపడం మాత్రం ప్రమాదకరం.

వ్యాయామంతో చాలనప్పుడు

సోలిఫెనాసిన్, ఆక్సీబ్యుటినిన్ వంటి మాత్రలు మూత్రాశయపు ముడుపును తగ్గిస్తాయి. నోరు ఎండటం, మలబద్ధకం, జ్ఞాపకం మందగించడం వాటి వెలలు. మతిమరపు ఇప్పటికే ఇబ్బంది పెడుతున్నవారు ఆ మాట వైద్యులకు తప్పక చెప్పాలి. మిరబెగ్రాన్ అనే మరో మాత్రకు ఆ ఇబ్బందులు తక్కువ, రక్తపోటు చూసుకోవాలి. మాత్రలు పనిచేయనప్పుడు మూత్రాశయం గోడలోకి కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ ఇస్తారు. ఎంఎస్ వంటి నరాల జబ్బుల వల్ల వచ్చే మూత్ర సమస్యకు అమెరికా ఔషధ సంస్థ దాన్ని 2011లో అనుమతించింది. ప్రభావం నెలల తరబడి ఉంటుంది, ఆ తరువాత మళ్లీ వేయించుకోవాలి. కొందరికి దాని తరువాత మూత్రం సొంతంగా రాకపోవచ్చు కాబట్టి కాథెటర్, అంటే మూత్రం తీసే గొట్టం, వేసుకోవడం ముందే నేర్చుకోవాలి.

కాథెటర్ అనగానే మంచాన పడ్డవారి గొట్టమూ సంచీ గుర్తుకు వచ్చి వెనక్కు తగ్గేవారు ఎక్కువ. సన్నటి గొట్టాన్ని రోజుకు కొన్నిసార్లు స్వయంగా వేసుకుని, ఖాళీ కాగానే తీసేసే ఈ పద్ధతి అది కాదు. అమెరికన్ యూరాలజిస్టు జాక్ లాపిడిస్ బృందం 1972లో దీన్ని ప్రచురించినప్పటి నుంచి అసంఖ్యాకులు దీనితో ఉద్యోగాలు చేసుకుంటున్నారు, ప్రయాణాలు చేస్తున్నారు. సబ్బుతో చేతులు కడుక్కోవడం, నర్సు దగ్గర సరిగ్గా నేర్చుకోవడం, నిలకడగా కూర్చోగలగడం దీనికి కావాలి. నడుము సాధన ఇక్కడా అక్కరకు వస్తుంది. మిగులు ఎక్కువగా ఉన్నవారు దీన్ని ఆఖరి దశగా చూసి సంవత్సరాల తరబడి వాయిదా వేయడం కిడ్నీలకు మంచిది కాదు.

12 వారాలు గడిచాక అదే జగ్గుతో మళ్లీ మూడు రోజుల డైరీ రాయండి. అదే చెక్క కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎంత సమయం పట్టిందో సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూసి మొదటి వారం లెక్క పక్కన రాయండి. రాత్రి లేచే సార్లు తగ్గి, లేచే వేగం పెరిగితే ఇదే క్రమం కొనసాగించవచ్చు. కటి బిగింపు నిలిపే సెకన్లు పెరిగినా తొందర తగ్గకపోతే సమస్య కండరంలో లేదు, మందు విషయం మాట్లాడవలసిన సమయం వచ్చింది. డైరీ కాగితాలు రెండూ వెంట తీసుకుని యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి, వాటి నకళ్లు న్యూరాలజిస్టుకూ ఫిజియోథెరపిస్టుకూ ఇవ్వండి.